మైక్రోబ్రూవరీ బీరును రుచి చూడటం, అంచనా వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చంద్రపూర్ జిల్లాలోని బల్లార్షా, రాజురా మొదలుకొని నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలీ, దెగ్లూర్ దాకా మహారాష్ట్ర సరిహద్దు వెంబడి స్థిరపడిన తెలుగువారిలో చాలామంది పనుల మీద, పెళ్లిళ్ల మీద హైదరాబాదుకో, నాగపూర్‌కో, పుణెకో వెళ్తూనే ఉంటారు. అక్కడ మైక్రోబ్రూవరీలో (అక్కడికక్కడే బీరు తయారుచేసి వడ్డించే చోట) అడుగుపెట్టి, ఏడెనిమిది రకాల పేర్లున్న మెనూ చేతికి వచ్చినప్పుడు ఏది అడగాలో, అడిగినది బాగుందో లేదో ఎలా తేల్చుకోవాలో తెలియక ఇబ్బంది పడేవారి కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ రాశాము. ఇవి మద్యం తీసుకునే అలవాటు ఇప్పటికే ఉన్న పెద్దవారికి ఉద్దేశించినవి. అలవాటు లేనివారు కొత్తగా మొదలుపెట్టవలసిన అవసరం ఏమీ లేదు.

మైక్రోబ్రూవరీ బీరుకూ దుకాణంలో దొరికే సీసా బీరుకూ అసలు తేడా ఏమిటి?

రెండింటికీ ప్రధాన ముడిసరుకు ఒకటే: నీరు, మాల్ట్, హాప్స్ (చేదునూ పరిమళాన్నీ ఇచ్చే పూలు), ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి). బార్లీ గింజలను నానబెట్టి, మొలక రాగానే వేడిగాలితో ఆరబెడితే మాల్ట్ అవుతుంది. దానిలోని పిండిపదార్థం వేడినీటిలో చక్కెరగా మారుతుంది. ఆ తియ్యని ద్రవాన్ని హాప్స్ పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపి పులియబెడతారు. ఫ్యాక్టరీలో ఈ పని లక్షల లీటర్ల మీద జరుగుతుంది, తయారైన బీరును వడగట్టి, చాలావరకు పాశ్చరీకరించి (వేడిచేసి సూక్ష్మజీవులను చంపి), నెలల తరబడి నిలవ ఉండేలా సీసాల్లో నింపుతారు. మైక్రోబ్రూవరీలో కొన్ని వందల లీటర్ల నుంచి వెయ్యి రెండు వేల లీటర్ల దాకా ఒక్కో విడతగా వండి, సాధారణంగా వడగట్టకుండా, పాశ్చరీకరించకుండా, అదే ఆవరణలో ట్యాంకు నుంచి నేరుగా గ్లాసులోకి వంపుతారు. కాబట్టి తాజాదనం దాని బలం, విడత విడతకూ రుచి మారిపోవడం దాని బలహీనత.

ఫ్యాక్టరీ బీరును చిన్నచూపు చూడటం మాకు నచ్చదు. కోట్ల సీసాలను ఒకే రుచితో తయారు చేయడం చాలా కష్టమైన విద్య, తప్పు జరిగితే దాచుకోవడానికి వీలులేని విద్య కూడా. మన దేశంలో పుణె నగరంలో 2009లో మొదలైన డూలాలీ తొలితరం మైక్రోబ్రూవరీలలో ఒకటి. తెలంగాణలో 2015లో నిబంధనలు వచ్చాక హైదరాబాదులో ఇవి వరసగా వెలిశాయి. అంటే మన ప్రాంతంలో ఈ వృత్తి ఇంకా పసిదే, అందుకే తాగేవారి తీర్పుకు ఇక్కడ విలువ ఎక్కువ.

రుచి చూడటానికి ప్రత్యేకంగా నేర్చుకోవలసింది ఏముంది? నచ్చిందా లేదా అన్నది చాలదా?

సొంత ఆనందానికి చాలు. అంచనా వేయాలంటే మాత్రం రెండు ప్రశ్నలను విడదీయాలి. ‘ఇది నాకు నచ్చిందా?’ అన్నది ఒకటి. ‘ఇది తాను కావాలనుకున్నట్టుగా తయారైందా?’ అన్నది మరొకటి. చేదు అంటే గిట్టనివారికి అద్భుతంగా చేసిన ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీరు) కూడా నచ్చదు. ఆ నచ్చకపోవడం బీరు తప్పు కాదు. అదే విధంగా, వెన్న వాసన వచ్చే పిల్స్‌నర్ (బంగారు రంగు తేలిక బీరు) కొందరికి కమ్మగా అనిపించవచ్చు, అయినా అది లోపంతో తయారైన పిల్స్‌నరే. ఒకే రుచి ఒక రకం బీరులో గుణమై, మరో రకంలో దోషం అవుతుంది కాబట్టి, గ్లాసు ఎత్తేముందు అది ఏ రకమో తెలుసుకోవడమే మొదటి మెట్టు. మెనూలో రకం పేరు లేకుండా ముద్దుపేరు మాత్రమే ఉంటే వడ్డించేవారిని అడగండి, వారికీ తెలియకపోతే బ్రూవర్‌ను (బీరు తయారుచేసే వ్యక్తిని) అడగమనండి. తన బీరు ఏ రకమో చెప్పలేని చోట అంచనా వేయడం వృథా.

మొదట ఏ బీరు అడగాలి? ఎన్ని రకాలు రుచి చూడవచ్చు?

చాలాచోట్ల 100 నుంచి 120 మిల్లీలీటర్ల చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలను ఒక చెక్కపలక మీద పెట్టి ఇస్తారు. అంచనాకు అదే సరైన పద్ధతి. నాలుగైదు దాటితే నాలుక, ముక్కు రెండూ మొద్దుబారుతాయి. ఆ తర్వాత రాసుకున్న మాటలకు విలువ ఉండదు.

వరస విషయంలో నియమం సులభమైనది: తేలికైనవి ముందు, చేదువీ ఘాటైనవీ తర్వాత. పిల్స్‌నర్ లేదా లేతరంగు లాగర్ (చలిలో నెమ్మదిగా పులిసే బీరు), తర్వాత గోధుమ బీరు, తర్వాత పేల్ ఏల్ (ఏల్ అంటే కాస్త వెచ్చగా పులిసే బీరు), ఐపీఏ, చివరికి స్టౌట్ (బాగా వేయించిన మాల్ట్‌తో చేసే నల్లని బీరు). పుల్లని బీరు, పండ్ల రసం కలిపిన బీరు ఉంటే వాటిని స్టౌట్‌కు ముందో వెనకో విడిగా పెట్టుకోవాలి, ఎందుకంటే వాటి తర్వాత ఏది తాగినా చప్పగా అనిపిస్తుంది.

ఒక బ్రూవరీ పనితనం తేల్చడానికి ఒక్కటే గ్లాసు తీసుకునే వీలుంటే పిల్స్‌నర్ అడగమని చెబుతాము. 1842లో చెక్ దేశపు ప్ల్జెన్ పట్టణంలో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా బ్రూవర్ మొదటిసారి కాచిన ఈ బంగారు రంగు బీరులో మాల్ట్, హాప్స్ తప్ప మరేమీ వినిపించకూడదు. ఐపీఏలో గుప్పుమనే హాప్స్ వెనక, స్టౌట్‌లో మాడు రుచి వెనక చిన్న చిన్న లోపాలు దాగిపోతాయి. పిల్స్‌నర్‌లో అలా దాగడానికి చోటు లేదు. పైగా లాగర్ ఈస్ట్ సుమారు 8 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ చలిలో నెమ్మదిగా పులియబెడుతుంది, ఆ తర్వాత వారాల తరబడి చలిలో పండాలి. ట్యాంకు ఖాళీ అయితే డబ్బు వస్తుందనే తొందర ఉన్న చోట ఆ వారాలకే మొదట కోత పడుతుంది, ఆ కోత రుచిలో తెలిసిపోతుంది.

బీరు ఎంత చల్లగా ఉండాలి?

మన ఎండలకు, అందులోనూ మే నెల చంద్రపూర్ ఎండకు, గడ్డకట్టేంత చల్లని బీరు హాయిగా ఉంటుంది. కానీ ఆ చలిలో వాసనలు లేవవు, నాలుక సగం మొద్దుబారుతుంది. లేత లాగర్‌కు 4 నుంచి 7 డిగ్రీలు, గోధుమ బీరుకు కొంచెం ఎక్కువ, ఏల్స్‌కు 8 నుంచి 12, స్టౌట్‌కు 10 నుంచి 13 డిగ్రీలు తగినవి. మరీ చల్లగా వస్తే రెండు అరచేతుల మధ్య గ్లాసును కొద్దిసేపు పట్టుకుంటే చాలు. ఫ్రీజర్‌లో పెట్టి మంచు పట్టిన గ్లాసులో పోసి ఇస్తుంటే మామూలు గ్లాసు అడగండి.

చూపుతో ఏమి తెలుస్తుంది?

రంగు గురించి ఒక అపోహ బలంగా ఉంది: నల్లని బీరు ఘాటైనదని. రంగు మాల్ట్‌ను ఎంతగా వేయించారన్న దానిమీద ఆధారపడుతుంది, ఆల్కహాల్ మీద కాదు. నల్లగా కనిపించే ఐరిష్ స్టౌట్‌లో ఆల్కహాల్ సాధారణంగా 4 నుంచి 5 శాతమే. బంగారు రంగులో మెరిసే కొన్ని బెల్జియం ఏల్స్‌లో 8 శాతం పైనే ఉంటుంది.

మసకగా ఉండటం కూడా రకాన్ని బట్టే. జర్మన్ గోధుమ బీరులో ఈస్ట్ తేలుతూ మబ్బుగా ఉండాలి. ఓట్స్, గోధుమలు వేసి చేసే మసక ఐపీఏ పండ్ల రసంలా కనిపించాలి. పిల్స్‌నర్ మసకగా వస్తే అది ఇంకా పండలేదనో, సూక్ష్మజీవులు చేరాయనో అనుమానించవచ్చు. వడగట్టని పిల్స్‌నర్ అని ముందే చెబితే ఆ అనుమానం అక్కరలేదు. మసక ఐపీఏ లేత పసుపు వదిలి బూడిదరంగులోకో గోధుమరంగులోకో తిరుగుతుంటే దానికి గాలి తగిలిందని అర్థం.

నురగ కోసం కాసేపు ఆగి చూడండి. బార్లీలోని ప్రోటీన్లు, హాప్స్‌లోని చేదు పదార్థాలు కలిసి నురగను నిలబెడతాయి. మంచి బీరులో అది తాగుతున్న కొద్దీ గ్లాసు గోడకు వలయాలుగా అంటుకుంటుంది. నురగ వెంటనే చచ్చిపోతే బీరును తప్పుపట్టేముందు గ్లాసును అనుమానించాలి, ఎందుకంటే నూనె జిడ్డు, సబ్బు రెండూ నురగకు శత్రువులు. గ్లాసు లోపలి గోడకు బుడగలు అతుక్కుని కదలకుండా ఉంటే అది సరిగా కడగని గ్లాసు. మరో గ్లాసులో పోసి ఇమ్మని అడగడంలో మొహమాటం అక్కరలేదు.

వాసన ఎలా చూడాలి? నాకు ‘బీరు వాసన’ తప్ప వేరేమీ తెలియడం లేదు.

ఇది అందరూ అడిగే ప్రశ్న, అసలు పని అంతా ఇక్కడే ఉంది. మనం రుచి అనుకునే దానిలో ఎక్కువ భాగం ముక్కుదే. నాలుకకు తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (మాంసం రసంలో ఉండే కమ్మని రుచి) మాత్రమే తెలుస్తాయి. మామిడి, లవంగం, కాఫీ అన్నవి ముక్కు చెప్పే సంగతులు.

గ్లాసును మూడో వంతు మాత్రమే నింపించుకుని, మెల్లగా తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని రెండు మూడు చిన్న చిన్న పీల్పులు పీల్చండి. దీర్ఘంగా పీలిస్తే ముక్కు త్వరగా అలసిపోతుంది. మొదటి పీల్పులోనే కొన్ని వాసనలు ఎగిరిపోతాయి కాబట్టి గ్లాసు రాగానే వాసన చూడాలి, ఫోటోలు తర్వాత తీసుకోవచ్చు. ముక్కు అలసిందనిపిస్తే మీ మోచేతి చర్మాన్ని ఒకసారి వాసన చూసుకుని మళ్లీ గ్లాసు దగ్గరకు రండి. అత్తరు, అగరుబత్తి, సిగరెట్ పొగ దగ్గరలో ఉంటే ఈ పని సాగదు.

గుర్తుపట్టలేకపోవడానికి కారణం ముక్కు మొండిది కావడం కాదు, పోల్చుకోవడానికి సిద్ధంగా ఉన్న నమూనాలు లేకపోవడం. వంటింట్లో, సంతలో ఆ నమూనాలన్నీ ఉన్నాయి. లేత మాల్ట్ వాసనకు బిస్కెట్, తాజా రొట్టె, ఎండుగడ్డి. మధ్యరకం వేయించిన మాల్ట్‌కు బెల్లం పాకం, వేయించిన వేరుశనగలు. నల్ల మాల్ట్‌కు కాఫీ గింజలు, మాడిన జొన్నరొట్టె అంచు. హాప్స్ రకాన్ని బట్టి మారుతుంది: చెక్ దేశపు సాజ్‌లో పచ్చగడ్డి, మిరియాల ఛాయ, 1972లో అమెరికాలో విడుదలైన కాస్కేడ్‌లో పంపరపనస తొక్క, సిట్రా, మొజాయిక్ వంటి కొత్త రకాలలో మామిడి, జామ, లిచీ. బెల్జియం గోధుమ బీరులో ధనియాలు, నారింజ తొక్క నిజంగానే వేస్తారు. నాగపూర్ సంత్రా తొక్కను గోటితో గిచ్చి వాసన చూసిన మన ప్రాంతం వారికి అది పట్టుకోవడం మిగతావారికంటే తేలిక. ఇప్పపూల కాలంలో సిరోంచ వైపు అడవిలో తిరిగినవారికి ఆ మగ్గిన తీపి వాసన ముక్కులో నిలిచి ఉంటుంది. కొన్ని ఘాటైన బెల్జియం ఏల్స్‌లో ఎండుద్రాక్షను తలపించే అలాంటి మగ్గిన వాసనే ఎదురవుతుంది.

చేయవలసిన సాధన ఇదే: వంట చేసేటప్పుడు డబ్బా మూత తీసిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి వాసన చూసి, పేరు మనసులో అనుకోవడం. దీనికి బీరు అక్కరలేదు, ఖర్చు లేదు, కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది.

గుక్క ఎలా వేయాలి?

నోరంతా తడిసేంత గుక్క తీసుకుని, రెండు మూడు సెకన్లు నోట్లో తిప్పి, మింగి, నోరు మూసి ముక్కు గుండా గాలి వదలండి. ఆ వదిలే గాలిలో గొంతు వెనక నుంచి వచ్చే వాసనలు మొదటి పీల్పులో దొరకనివి. వైన్ రుచి చూసేవారు ఉమ్మేస్తారు. బీరు విషయంలో మింగాక నిలిచే చేదును కూడా తూచాలి కాబట్టి కొద్దికొద్దిగా మింగడమే వాడుక. నాలుక కొసన తీపి, వెనక చేదు తెలుస్తాయని బడిలో చూపించిన నాలుక పటం తప్పు. అన్ని రుచులూ నాలుక అంతటా తెలుస్తాయి.

రుచితో పాటు స్పర్శను కూడా గమనించాలి. నోట్లో నీళ్లలా పలచగా ఉందా, చిక్కగా ఉందా. గ్యాసు చురుక్కుమంటోందా, మెత్తగా ఉందా. నేరేడు పండు తిన్నాక లాగా నాలుక బిగుసుకుంటోందా. చివరిది వగరు, చేదు కాదు. ఈ రెండింటినీ కలిపేయడం కొత్తవారిలో తరచూ కనిపిస్తుంది. హాప్స్ చేదు మింగాక నెమ్మదిగా తగ్గి నోటిని శుభ్రంగా వదలాలి. వగరు అంటుకుని ఉండిపోతుంది, సాధారణంగా గింజల పొట్టును మరీ వేడినీటితో ఎక్కువసేపు కడిగినప్పుడు వస్తుంది.

మెనూలో ఉండే ఐబీయూ సంఖ్యను నమ్మవచ్చా?

ఐబీయూ చేదు కొలత. ఒక ఐబీయూ అంటే ఉజ్జాయింపుగా లీటరుకు ఒక మిల్లీగ్రాము హాప్స్ చేదు పదార్థం. గోధుమ బీరుకు 8 నుంచి 15, జర్మన్ పిల్స్‌నర్‌కు 22 నుంచి 40, అమెరికన్ ఐపీఏకు 40 నుంచి 70 సాధారణం. అయితే నోటికి తెలిసే చేదు మాల్ట్ తీపి మీద కూడా ఆధారపడుతుంది కాబట్టి, 40 ఐబీయూ ఉన్న చిక్కని స్టౌట్ అదే సంఖ్య ఉన్న పలచని పిల్స్‌నర్ కంటే తక్కువ చేదుగా అనిపిస్తుంది. పైగా చాలా మైక్రోబ్రూవరీల్లో ఈ సంఖ్య ప్రయోగశాలలో కొలిచినది కాదు, వంటకం నుంచి లెక్కగట్టినది. ఎంపికకు దారి చూపడానికి సరే, తీర్పుకు పనికిరాదు.

అరటిపండు, లవంగం వాసన వస్తోంది. బీరు పాడైందా?

జర్మన్ గోధుమ బీరు అయితే అవే దాని అందం. ఆ రకపు ఈస్ట్ పులిసేటప్పుడు అరటి వాసననిచ్చే ఎస్టర్‌ను, లవంగం వాసననిచ్చే ఫినాల్‌ను తయారు చేస్తుంది. అందులో అరటిపండు గానీ లవంగం గానీ వేయరు. అదే లవంగం వాసన పిల్స్‌నర్‌లో వస్తే బయటి ఈస్ట్ చేరిందని అనుమానించాలి.

అయితే నిజమైన లోపాలను ఎలా గుర్తుపట్టాలి?

తరచుగా ఎదురయ్యే వాటిని, వాటి కారణాలతో సహా చెబుతాము. కారణం తెలిస్తే వాసన గుర్తుండిపోతుంది.

వెన్న లేదా సినిమా హాలు పాప్‌కార్న్ వాసన, నాలుక మీద జారుడుతనం ఉంటే అది డయాసిటైల్. పులిసేటప్పుడు ఇది సహజంగా పుడుతుంది, తర్వాత ఈస్ట్ దానిని తిరిగి పీల్చుకుంటుంది. చివరి దశలో ట్యాంకును కాస్త వెచ్చబరచి ఒకటి రెండు రోజులు ఆగితే పోయేది, ఆగకపోతే మిగిలిపోతుంది. లీటరుకు సుమారు 0.1 మిల్లీగ్రాము ఉన్నా లేత లాగర్‌లో తెలిసిపోతుంది. శుభ్రం చేయని ట్యాప్ (బీరును గ్లాసులోకి వదిలే కుళాయి) గొట్టాల్లో చేరే బ్యాక్టీరియా వల్ల కూడా ఇది రావచ్చు, అప్పుడు వెంట కొంత పులుపు కూడా ఉంటుంది. మన మైక్రోబ్రూవరీల లాగర్లలో ముందుగా వెతకవలసినది ఇదే అని మా అభిప్రాయం.

ఉడికించిన మొక్కజొన్న పొత్తు లేదా ఉడికిన క్యాబేజీ వాసన డైమిథైల్ సల్ఫైడ్‌ది. లేత మాల్ట్‌లో ఉండే ఒక పదార్థం వేడికి ఇలా మారుతుంది. మూత తెరిచి గట్టిగా మరిగిస్తే ఆవిరితో పోతుంది, తర్వాత త్వరగా చల్లార్చాలి. ఈ రెండింటిలో ఏది తగ్గినా మిగులుతుంది. లేత లాగర్‌లో అతి కొద్దిగా ఉంటే తప్పు కాదు.

పచ్చి ఆపిల్, తరిగిన పచ్చి సొరకాయ లాంటి వాసన ఎసిటాల్డిహైడ్. ఇది చాలాసార్లు తొందరపడి వడ్డించిన బీరు గుర్తు. ఇంకొన్నాళ్లు ట్యాంకులో ఉంటే సర్దుకునేది.

డెట్టాల్, బ్యాండేజీ వాసన క్లోరోఫినాల్‌ది. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను తొలగించకుండా వాడినా, బ్లీచింగ్‌తో కడిగిన పాత్రను సరిగా తొలపకపోయినా వస్తుంది. అతి తక్కువ పరిమాణంలో కూడా ముక్కుకు కొడుతుంది, ఏ రకం బీరులోనూ ఇది క్షమించదగింది కాదు.

తడిసిన అట్టపెట్టె వాసన, హాప్స్ పరిమళం చచ్చిపోయి తేనెలాంటి బరువు తీపి రావడం ప్రాణవాయువు తగిలిన గుర్తులు. ట్యాంకు నుంచి తాజాగా వచ్చే బీరులో ఇది ఉండకూడదు. ఉంటే ఆ విడత చాలాకాలంగా అమ్ముడుపోకుండా ఉందని అర్థం. కాబట్టి ‘ఈ బీరు ఎప్పుడు ట్యాప్‌కు వచ్చింది?’ అని అడగటం మంచి అలవాటు. ఐపీఏ విషయంలో తప్పక అడగాలి.

గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన, గొంతులో మంట ఉంటే పులిసేటప్పుడు వేడి అదుపు తప్పిందని ఊహించవచ్చు. ఏల్ ఈస్ట్‌కు సాధారణంగా 18 నుంచి 22 డిగ్రీలు కావాలి. వేసవిలో శీతలీకరణ సరిపోకపోతే ఈ లోపం వస్తుంది. 7 శాతం పైన ఉన్న బీరులో వెచ్చదనం సహజం, మంట సహజం కాదు.

కుళ్లిన గుడ్డు వాసన లాగర్‌లో లేతగా ఉండి రెండు నిమిషాల్లో పోతే పట్టించుకోనక్కరలేదు. ఎండ తగిలిన ఆకుపచ్చ లేదా తెల్ల సీసా బీరులో వచ్చే, గ్యాస్ సిలిండర్ లీకును గుర్తుచేసే వాసన మైక్రోబ్రూవరీలో అరుదు, ఆరుబయట ఎండలో కూర్చుని గ్లాసు ముందు పెట్టుకుంటే తప్ప. ముఖ్యంగా హాప్స్ ఎక్కువున్న బీరులో అది కొద్ది నిమిషాల్లోనే పుట్టగలదు.

కల్లు తాగే అలవాటున్నవారికి ఇది తేలికా?

ఒక విధంగా తేలికే. తాటికల్లు, ఈతకల్లు చెట్టు మీద ఉండగానే గాలిలోని ఈస్ట్, బ్యాక్టీరియాలతో పులియడం మొదలవుతుంది. పొద్దున తియ్యగా, మధ్యాహ్నానికి పుల్లగా, ఆ తర్వాత వెనిగర్ వైపు సాగే ఆ మార్పును నాలుకతో ఎరిగినవారు పెరుగు లాంటి పులుపునూ వెనిగర్ పులుపునూ వేరుచేసి చెప్పగలరు. బెల్జియంలోని లాంబిక్ బీరు కూడా అలాగే బయటి గాలిలోని సూక్ష్మజీవులతోనే పులుస్తుంది, ఏళ్ల తరబడి చెక్క పీపాల్లో పండుతుంది. దానిని మొదటిసారి తాగిన నగరవాసి చెడిపోయిందని పక్కన పెట్టవచ్చు. కల్లు తెలిసినవారు అలా తొందరపడరు. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, పులుపు మీద ఉన్న ఆ ఓర్పును లాగర్, పేల్ ఏల్ దగ్గర చూపకూడదు. వాటిలో పులుపు వస్తే అది దోషమే.

కారం తింటూ రుచి చూడవచ్చా?

అంచనా ముందు, భోజనం తర్వాత. మిరపకాయ మంటను గ్యాసు, ఆల్కహాల్, చేదు మూడూ రెచ్చగొడతాయి; సావజీ మటన్ తిన్న నోటికి ఐపీఏ మంటలా తోస్తుంది, పిల్స్‌నర్ నీళ్లలా తోస్తుంది. గ్లాసుకూ గ్లాసుకూ మధ్య మామూలు నీళ్లు, ఉప్పూకారం లేని మరమరాలు చాలు. అంచనా అయ్యాక భోజనానికైతే, కారపు కూరలకు మాల్ట్ తీపి ఉన్న ఆంబర్ ఏల్ గానీ గోధుమ బీరు గానీ సరిపడతాయి. నిప్పుల మీద కాల్చిన మాంసంతో, జొన్నరొట్టెతో స్టౌట్ మేము మనస్ఫూర్తిగా సిఫారసు చేసే జోడీ. రెండింటిలోని కాలిన రుచి ఒకదాన్నొకటి పట్టుకుంటుంది.

మార్కులు ఎలా వేయాలి?

1985లో అమెరికాలో ఏర్పడిన బీజేసీపీ అనే న్యాయనిర్ణేతల సంస్థ వాడే 50 మార్కుల పత్రం మంచి ఆధారం. అందులో వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటి స్పర్శకు 5, మొత్తం అభిప్రాయానికి 10. రూపానికి మూడే మార్కులు ఇవ్వడం గమనించదగింది. 38 లేదా ఆ పైన వస్తే చాలా ఉత్తమమైన బీరు, 30 నుంచి 37 మధ్య చాలా మంచిది, 21 నుంచి 29 మధ్య చిన్న లోపాలున్నా మంచిదే, 13 లోపు అయితే పెద్ద లోపాలున్నది.

సంఖ్య కంటే దానికి ముందు రాసిన వాక్యాలు ముఖ్యం. ‘బాగుంది’ అని రాసుకుంటే ఆర్నెల్ల తర్వాత ఏమీ గుర్తు రాదు, ‘వాసనలో రొట్టె, పచ్చగడ్డి, చేదు శుభ్రంగా ముగిసింది, చివర లేతగా వెన్న’ అని రాసుకుంటే ఆ గ్లాసు మళ్లీ మనసుకు వస్తుంది. తేదీ, బీరు రకం, ట్యాప్‌కు వచ్చిన రోజు కూడా రాసుకోండి. నలుగురు కలిసి రుచి చూస్తుంటే అందరూ రాసుకోవడం పూర్తయ్యే దాకా ఎవరూ నోరు విప్పకూడదు. ఒకరు ‘అరటిపండు’ అనగానే మిగతా ముగ్గురికీ అరటిపండే వస్తుంది. ఫోన్‌లోని రేటింగ్ యాప్‌లను ముందుగా తెరవవద్దని చెప్పేది కూడా ఇందుకే. ఆ యాప్‌లలో ఘాటైన, అరుదైన బీర్లకు నక్షత్రాలు ఎక్కువ, చక్కగా చేసిన మామూలు లాగర్‌కు తక్కువ. ఇది లాగర్‌కు జరుగుతున్న అన్యాయమని మా గట్టి నమ్మకం.

నేను నిజంగా గుర్తుపడుతున్నానో, ఊహించుకుంటున్నానో ఎలా తెలుస్తుంది?

మూడు గ్లాసుల పరీక్ష చేయండి. స్నేహితులు మీకు కనబడకుండా రెండు గ్లాసుల్లో ఒక బీరు, మూడో దానిలో దగ్గరి రుచి ఉన్న మరో బీరు పోసి, వరస మార్చి ఇవ్వాలి. వేరుగా ఉన్నది ఏదో చెప్పడమే మీ పని. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి ఒక్కసారి చెప్పగలగడం రుజువు కాదు; వేర్వేరు రోజుల్లో మళ్లీ మళ్లీ చేసినప్పుడు మూడింట ఒక వంతుకు బాగా మించి సరైన జవాబులు వస్తేనే నమ్మవచ్చు. రంగు తేడా తెలియకుండా కళ్లు మూసుకుని చేస్తే ఇంకా మంచిది.

చట్టం విషయంలో మన ప్రాంతంవారు ఏమి గుర్తుంచుకోవాలి?

మహారాష్ట్రలో తక్కువ ఘాటు బీరుకు, వైన్‌కు 21 ఏళ్లు, ఇతర మద్యానికి 25 ఏళ్లు నిండాలి. తాగడానికి పర్మిట్ కూడా ఉండాలి. తెలంగాణలో 21 ఏళ్లు. చంద్రపూర్ జిల్లాలో 2015లో వచ్చిన మద్యనిషేధం 2021లో ఎత్తివేశారు, కానీ పక్కనే ఉన్న గడ్చిరోలిలో 1993 నుంచి నిషేధం ఉంది. సిరోంచ, అహేరి వైపు వెళ్లేవారు వాహనంలో ఒక్క సీసా కూడా ఉంచుకోకూడదు. ఒక రాష్ట్రంలో కొన్నది మరో రాష్ట్రంలోకి తీసుకుపోవడానికి ఎక్సైజ్ నిబంధనలు అడ్డువస్తాయి. పైగా వడగట్టని తాజా బీరు వేడిలో గంటల ప్రయాణాన్ని తట్టుకోలేదు, ఇంటికి చేరేసరికి మీరు రుచి చూసిన బీరు కాదది.

బండి నడపడం విషయంలో సందేహానికి తావు లేదు. వాహన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. 110 మిల్లీలీటర్ల గ్లాసులు నాలుగు, సగటున 6 శాతం అనుకుంటే, అందులో సుమారు 21 గ్రాముల శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది. చిన్న గ్లాసులు కదా అనుకున్నవారు ఆ పరిమితిని తేలిగ్గా దాటగలరు. రుచి చూసే రోజు రైలో, అద్దె బండో ముందే ఏర్పాటు చేసుకోండి. గర్భిణులు, కాలేయ సమస్య ఉన్నవారు, మందులు వాడుతున్నవారు ఈ పని పెట్టుకోవద్దు.

లోపం కనిపిస్తే బ్రూవరీవారికి చెప్పాలా?

చెప్పాలి, గ్లాసు సగం ఖాళీ కాకముందే చెప్పాలి. ‘బాగాలేదు, మార్చండి’ అంటే వారు మార్చి ఇస్తారు గానీ నేర్చుకునేది ఏమీ ఉండదు. ‘ఈ లాగర్‌లో వెన్న వాసన వస్తోంది, మొదటి గుక్క నుంచే ఉంది’ అని మర్యాదగా, వాసన పేరు చెప్పి అంటే, ఆ మాట బ్రూవర్ దాకా చేరుతుంది. అతడు గొట్టం కడిగించాలో, ట్యాంకును ఇంకొన్నాళ్లు ఆపాలో తేల్చుకోగలుగుతాడు. వీలుంటే అదే బీరును ట్యాంకు నుంచి నేరుగా కొద్దిగా పోసి ఇమ్మని అడగండి. ట్యాంకు బీరు శుభ్రంగా ఉండి ట్యాప్ బీరులోనే వాసన ఉంటే లోపం గొట్టాలది, రెండింటిలోనూ ఉంటే ఆ విడతది. బాగున్నప్పుడు కూడా ఇదే విధంగా, ఏది బాగుందో పేరు పెట్టి చెప్పండి. వారాల తరబడి ఓపికగా పండించిన పిల్స్‌నర్‌ను గుర్తించి అడిగేవారు ఉన్నారని తెలిస్తేనే మరుసటి విడతకు కూడా ఆ బ్రూవర్ ట్యాంకును అన్ని రోజులూ ఆపగలుగుతాడు.